తక్కువ జీతంతో విదేశంలో నిలదొక్కుకోవడం: సంతకం పెట్టడం దగ్గర్నుంచి తిరిగి వచ్చేదాకా సమగ్ర మార్గదర్శి

చిన్న జీతానికి విదేశం వెళ్లే యువతకు చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహాలు ఎక్కువగా చిల్లర ఖర్చుల గురించే ఉంటాయి. బయట కాఫీ తాగకు, బస్సెక్కకుండా నడువు, పాత సామాను కొనుక్కో అంటారు. అవన్నీ మంచి మాటలే, కానీ కాఫీ వల్ల మునిగిపోయినవాళ్లను నేను చూడలేదు. బయలుదేరేటప్పుడు నెత్తిన పెట్టుకున్న అప్పు, తొందరలో ఒప్పుకున్న గది, చదవకుండా పెట్టిన సంతకం, నెలనెలా ఇంత పంపుతానని ఇంట్లో ముందే ఇచ్చేసిన మాట, డబ్బు పోయేది ఎక్కువగా ఈ నాలుగింటి దగ్గరే. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఒక విషయం మొదట్లోనే మనసులో పెట్టుకోండి. పరాయి దేశంలో చేతిలో పెద్దగా డబ్బు లేని మనిషికి అన్నిటికన్నా ముఖ్యమైంది, ఎవరినీ అడగకుండా టికెట్ కొనుక్కుని వెనక్కి రాగలిగేంత సొమ్ము. అది చేతిలో ఉంటే యజమాని తప్పుడు పని చెప్పినప్పుడు కుదరదనొచ్చు, గది బాగోకపోతే మారొచ్చు, ఒంట్లో బాగోకపోతే రెండు రోజులు ఆగొచ్చు. లేకపోతే అన్నిటికీ తలూపాల్సి వస్తుంది. దీన్ని నేను తిరుగు డబ్బు అంటాను. కింద చెప్పే అడుగుల్లో చాలావరకు దాన్ని పోగుచేయడానికో, చేసినదాన్ని కాపాడుకోవడానికో పనికొచ్చేవే.

1. సంతకానికి ముందు చేతికొచ్చే జీతం తేల్చండి

ఆఫర్ లెటర్‌లో కనిపించే అంకె మీ జీతం కాదు. అందులోంచి పన్ను, పింఛను, ఆరోగ్య బీమా కోతలు పోతాయి, యజమానే గది ఇస్తే దాని అద్దె కూడా జీతంలోంచే పట్టుకోవచ్చు, కొన్నిచోట్ల యూనిఫాం, రవాణా కూడా. కాబట్టి కంపెనీని ఒకే ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: "అన్ని కోతలూ పోయాక నా బ్యాంకు ఖాతాలో నెలకు ఎంత పడుతుంది?" గంటల లెక్కన జీతమైతే వారానికి కనీసం ఎన్ని గంటలు పని గ్యారంటీ అనేది కూడా అడగాలి. గంటకు ఎక్కువ ఇస్తామని చెప్పి వారానికి సగం గంటలే పని చూపించే చోట్లు చాలా ఉన్నాయి.

జీతాన్ని బేసిక్, అలవెన్సులుగా ఎలా విడగొట్టారో చూడండి. కొత్తవాళ్లు దీన్ని పట్టించుకోరు, కానీ తర్వాత వచ్చే చాలా లెక్కలు బేసిక్ మీదే నడుస్తాయి. ఉదాహరణకు యూఏఈలో ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ బేసిక్ జీతం మీదే కడతారు. కనీసం ఏడాది పనిచేసి ఉండాలి, మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన ఏడాదికి 30 రోజులు. మొత్తం జీతం ఒకటే అయినా బేసిక్ తక్కువ చూపించి మిగతాది అలవెన్సుల్లో పెడితే చివరికి నష్టపోయేది మీరే.

ఇప్పుడు ఆ చేతికొచ్చే జీతంలోంచి బిల్లులతో కలిపి అద్దె, రవాణా, ఫోను, తిండి, బీమా తీసేయండి. ఈ లెక్క అక్కడి కరెన్సీలోనే వేయండి. సొంత దేశపు కరెన్సీలోకి మార్చి చూసుకుంటే ఏ జీతమైనా పెద్దగానే కనిపిస్తుంది, కానీ ఖర్చు కూడా అక్కడి కరెన్సీలోనే కదా. అద్దెల కోసం ఆ ఊరి అద్దె ప్రకటనల సైట్లు చూడండి, అదే ఊళ్లో దాదాపు అదే జీతంతో బతుకుతున్నవాళ్లను అడగండి. మీకు రెట్టింపు జీతం తీసుకునే బంధువు చెప్పే లెక్క మీకు పనికిరాదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: షేరింగ్ గదిలో ఉన్నా అద్దెకే చేతికొచ్చే జీతంలో సగం పోయేటట్టుంటే, ఆ ఉద్యోగానికి వెళ్లకండి, ఇంకోటి చూసుకోండి.

2. ఏజెంటు, ఫీజు, అప్పు

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒప్పందం ప్రకారం ప్రైవేటు రిక్రూట్‌మెంట్ ఏజెన్సీలు పనివాళ్ల దగ్గర ఫీజు గానీ ఖర్చులు గానీ నేరుగానో వేరే దారిలోనో వసూలు చేయకూడదు. అన్ని దేశాలూ దాన్ని ఆమోదించలేదు, కొన్ని దేశాల చట్టాలు ఒక పరిమితి దాకా ఫీజుకు ఒప్పుకుంటాయి. కాబట్టి మీ దేశంలో పరిమితి ఎంతో, ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి, ఏజెంటు చూపించే కాగితం మీద ఆధారపడకండి. నగదే కావాలంటూ రసీదు ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి.

ముందు విజిట్ వీసా మీద రండి, అక్కడికి వచ్చాక మారుస్తాం అనే మాట వినపడితే చాలా జాగ్రత్తగా ఉండాలి. కొన్ని దేశాల్లో అలా మార్చుకోవడం చట్టప్రకారం కుదురుతుంది, చాలా దేశాల్లో కుదరదు. కుదరని చోట పనిచేస్తూ దొరికితే శిక్ష మీకు పడుతుంది, ఏజెంటు ఇంట్లో కూర్చుంటాడు. ఇంకో పాత మోసం కాంట్రాక్టు మార్చడం: ఇక్కడ ఒక కాగితం మీద సంతకం, దిగాక తక్కువ జీతంతో ఇంకో కాగితం. అందుకే మొదటి కాంట్రాక్టు ప్రతి పేజీనీ ఫోటో తీసి మీ మెయిల్‌కు, ఇంట్లో ఒకరికి పంపి ఉంచండి. అర్థం కాని భాషలో ఉంటే అనువాదం చేయించుకోకుండా సంతకం పెట్టకండి.

ఇక అప్పు. వడ్డీ నూటికి నెలకు 2 అంటే వినడానికి చిన్నగా ఉంటుంది, ఏడాదికి అది 24 శాతం. వెళ్లాక మొదటి రెండు నెలలు ఏమీ మిగలదనే అనుకోండి, ఎందుకంటే నిజంగానే మిగలదు. మిగతా పది నెలల మిగులుతో అసలు, వడ్డీ రెండూ తీరకపోతే ఆ అప్పు చేయకండి. ఇది కఠినంగా ఉందని తెలుసు, కానీ అప్పు తీరేదాకా ఆ ఉద్యోగం వదలలేని పరిస్థితి వస్తుంది, దాన్ని పసిగట్టే యజమానులు ఉంటారు, వాళ్లకు మీరు దొరికిపోతారు. ఆరు నెలలు ఆలస్యంగా వెళ్లినా సరే, కొంత సొంత డబ్బుతో వెళ్లండి.

3. విమానం ఎక్కే ముందు చేయాల్సినవి

సర్టిఫికెట్ల ధ్రువీకరణ ఇక్కడే చేయించుకోండి, బయటినుంచి చేయిస్తే ఖర్చూ కాలమూ రెండూ ఎక్కువే. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశానికైతే అపోస్టిల్ ముద్ర, అంటే కాగితం అసలుదేనని మన ప్రభుత్వం వేసే ధ్రువీకరణ, సరిపోతుంది, లేని దేశానికైతే ఆ దేశపు ఎంబసీ అటెస్టేషన్ కావాలి. అన్ని కాగితాల్లో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, ఒక్క అక్షరం తేడా ఉన్నా బ్యాంకు ఖాతా దగ్గర వారాలు గడిచిపోతాయి.

పళ్లు చూపించుకోండి, కళ్లు పరీక్ష చేయించుకుని ఇంకో జత కళ్లద్దాలు పెట్టుకోండి. చాలా బీమాల్లో పళ్లకూ కళ్లద్దాలకూ కవరేజీ ఉండదు, ఉన్నా చాలా తక్కువ. రోజూ వాడే మందులుంటే డాక్టరు చీటీ మీద మందు అసలు పేరు, అంటే బ్రాండు కాకుండా అందులోని రసాయనం పేరు రాయించుకోండి. మీ దగ్గర మామూలుగా దొరికే మందు అక్కడ నేరం కావచ్చు. యూఏఈలో కొడీన్, ట్రమడాల్ ఉన్న మందుల మీద కట్టుబాట్లున్నాయి, జపాన్‌లో సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటిన మందులు తీసుకెళ్లకూడదు.

చాలామంది మరిచిపోయేది ఓటీపీ. ఇంట్లో బ్యాంకు ఖాతా, మెయిలు, ప్రభుత్వ సేవలు అన్నీ పాత ఫోన్ నంబరుకే ముడిపడి ఉంటాయి. ఆ సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడ ఉండగానే ఆన్ చేయించండి, అక్కడికి వెళ్లాక కస్టమర్ కేర్‌తో పోరాడాల్సి వస్తుంది. కనీస రీచార్జ్ ఎన్నాళ్లకు చేయకపోతే నంబరు పోతుందో కనుక్కుని ఆ తేదీ క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఫోను ఏ నెట్‌వర్కుకూ లాక్ అయి లేకుండా చూసుకోండి, రెండు సిమ్‌లు పట్టేదైతే ఇంకా మంచిది.

డబ్బు విషయంలో వేర్వేరు బ్యాంకుల కార్డులు రెండు, వేర్వేరు చోట్ల పెట్టుకోండి. మొదటి నెలన్నర గడవడానికి సరిపడా సొమ్ము, దానికి తోడు తిరుగు డబ్బు వేరే ఖాతాలో. ఈ రెండోదాన్ని గది డిపాజిట్ కట్టడానికి కూడా ముట్టుకోవద్దు.

4. దిగాక మొదటి రెండు వారాలు: వరుస తప్పకండి

కొత్త దేశంలో అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఖాతా తెరవాలంటే బ్యాంకు చిరునామా అడుగుతుంది, గది ఇవ్వాలంటే యజమాని బ్యాంకు ఖాతా అడుగుతాడు, జీతం వేయాలంటే కంపెనీ రెండూ అడుగుతుంది. ఈ ముడి విప్పడానికి చిరునామా దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. జర్మనీలో ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు, జపాన్‌లో 14 రోజుల్లోపు స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. కాబట్టి తాత్కాలికంగా దిగే చోటు వెతికేటప్పుడే "ఈ చిరునామా మీద రిజిస్ట్రేషన్ చేసుకోనిస్తారా?" అని అడగండి. చవగ్గా దొరికినా రిజిస్ట్రేషన్ కుదరని గది తీసుకుంటే తర్వాతి పనులన్నీ అక్కడే ఆగిపోతాయి.

చిరునామా అయ్యాక పన్ను నంబరు, ఆ తర్వాత బ్యాంకు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో చట్టబద్ధంగా ఉంటున్న ఎవరికైనా ప్రాథమిక ఖాతా పొందే హక్కు ఉంది, 2014 నాటి ఆదేశం ప్రకారం. కౌంటర్లో కుదరదంటే "బేసిక్ పేమెంట్ అకౌంట్ కావాలి" అని ఆ పేరుతోనే అడగండి. పన్ను నంబరు ఆలస్యమైతే కొన్ని దేశాల్లో మొదటి జీతంలో పన్ను ఎక్కువ కోస్తారు, అది తర్వాత సర్దుబాటవుతుంది లేదా రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది. టెన్షన్ పడకండి, అలాగని మరిచిపోకండి కూడా.

మొదటి జీతం ఎప్పుడు వస్తుందో చేరిన రోజే అడగండి. నెల మధ్యలో చేరితే, ఆ నెల జీతాల లెక్క అప్పటికే మూసేసి ఉంటే, మొదటి పూర్తి జీతం చేతికి రావడానికి ఆరేడు వారాలు పట్టొచ్చు. ఈ ఖాళీలోనే చాలామంది సహోద్యోగుల దగ్గర చేబదుళ్లు తీసుకోవడం మొదలుపెడతారు, తర్వాత అది అలవాటవుతుంది. అడ్వాన్సు కావాలంటే ముందు కంపెనీనే అడగండి, ఇచ్చే చోట్లు ఉన్నాయి.

ఫోనుకు ప్రీపెయిడ్ సిమ్ చాలు. 24 నెలల కాంట్రాక్టు మీద కొత్త ఫోను ఇస్తామంటే వద్దనండి. మీ వీసా అంతకన్నా ముందే ముగియొచ్చు, అప్పటికీ బిల్లు మాత్రం మీదే.

5. గది: తొందరపడితే ఏడాదంతా కట్టాలి

మీ నెల బడ్జెట్‌లో అన్నిటికన్నా పెద్ద ఖర్చు ఇదే కాబట్టి ఇక్కడ పెట్టే ఓపిక మిగతా పొదుపులన్నిటికన్నా ఎక్కువ మిగులుస్తుంది. చూడకుండా డబ్బు పంపకండి. "నేను వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపండి, తాళాలు కొరియర్ చేస్తాను" అనేవాళ్లు నూటికి నూరుపాళ్లు మోసగాళ్లే. ఫోటోలు మరీ అందంగా, అద్దె చుట్టుపక్కలకన్నా మరీ తక్కువగా ఉంటే అదే మొదటి సూచన. మీరు దూరంగా ఉంటే అక్కడున్న తెలిసినవాళ్లను పంపండి. అదీ కుదరకపోతే మొదటి రెండు వారాలు హాస్టల్లోనో చిన్న లాడ్జిలోనో ఉండి కళ్లతో చూసి తీసుకోండి, ఆ ఖర్చు దండగ కాదు.

అద్దెలో ఏమేం కలిసి ఉన్నాయో అడగడం చాలా ముఖ్యం. జర్మనీలో రెండు అద్దెలు చెబుతారు, ఒట్టి గది అద్దె ఒకటి, హీటింగ్, నీళ్లు, చెత్త వగైరా కలిపింది ఒకటి. మొదటిది చూసి సంబరపడితే రెండోది కట్టాల్సి వస్తుంది, కరెంటు, ఇంటర్నెట్ అప్పటికీ వేరే. అక్కడ చాలా ఫ్లాట్లలో వంటగది సామాను కూడా ఉండదు, సింకుతో సహా మనమే పెట్టుకోవాలి, అందుకే కొత్తగా వచ్చినవాళ్లకు సామానుతో ఉన్న షేరింగ్ గదే నయం. జపాన్‌లో కొన్ని ఇళ్లకు డిపాజిట్ కాకుండా రేకిన్ అని ఇంటి యజమానికి ఇంకో మొత్తం కట్టాలి, అది తిరిగి రాదు. కానీ అది లేని ఇళ్లు కూడా దొరుకుతాయి, వెతికేటప్పుడే అలాంటివి చూపించమనండి.

డిపాజిట్ మీద చట్టం ఏం చెబుతుందో తెలుసుకునే వెళ్లండి. ఇంగ్లండ్‌లో ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉన్న మామూలు ఇళ్లకు డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు, 2019 చట్టం ప్రకారం. ఆ సొమ్మును యజమాని 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో పెట్టాలి. జర్మనీలో మూడు నెలల ఒట్టి గది అద్దె దాటకూడదు, దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు కూడా అద్దెకున్నవాళ్లకు ఉంది. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న మొదటి నెలల్లో ఈ వాయిదాల హక్కు ఎంత పెద్ద సాయమో చెప్పలేను, చాలామందికి అది ఉందనే తెలియదు. మీరు వెళ్లే దేశంలో నియమం వేరేగా ఉంటుంది, కానీ ఏదో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ.

చేరిన రోజు సామాను దించక ముందే గదిని మూలమూలా వీడియో తీయండి. గోడ మీద తేమ, పగిలిన టైలు, మరకపడ్డ పరుపు, మీటర్ల రీడింగు, అన్నీ. ఆ వీడియోను అదే రోజు యజమానికి మెయిల్ చేయండి, అప్పుడు తేదీకి రుజువు ఉంటుంది. నగదు తీసుకుని రసీదు ఇవ్వని యజమాని ఎంత మంచిగా మాట్లాడినా వద్దు. షేరింగ్‌లో అయితే లీజు మీద ఎవరి పేరుందో చూడండి. మొత్తం ఇల్లు మీ పేరు మీద తీసుకుని మిగతావాళ్లు వాటా ఇస్తామంటే, ఒకరు వెళ్లిపోయిన నెల ఆ వాటా కట్టాల్సింది మీరే. మొహమాటానికి పోయి అలా ఒప్పుకున్న స్నేహితుడొకడు ఆ ఇల్లు వదిలించుకోవడానికి నెలల తరబడి తిప్పలు పడ్డాడు.

6. నెలవారీ లెక్క

దీన్ని పొడిగించను. జీతం పడ్డ రోజే అద్దె, బస్సు పాస్, ఫోను డబ్బు తీసి పక్కన పెట్టండి, తిరుగు డబ్బుకు కొంత వేయండి, మిగిలినదాన్ని వారాలకు భాగించుకుని వారానికి ఒకసారి మాత్రమే తీసుకోండి. నెలకు భాగిస్తే మొదటి పది రోజుల్లోనే అయిపోతుంది. వారానికి రెండుసార్లు ఎక్కువగా వండి పెట్టుకోండి. పని అయ్యేసరికి అలసట, ఆకలి రెండూ ఉంటాయి, ఇంట్లో ఏమీ లేకపోతే బయట కొనడం తప్పదు. కడుపు మాడ్చుకుని మిగల్చొద్దు, జబ్బు పడి పోయే జీతం అంతకన్నా ఎక్కువ.

విదేశీ కార్డు వాడేటప్పుడు మెషీన్ మీ సొంత కరెన్సీలో కట్టమంటారా అని అడిగితే వద్దని, ఎప్పుడూ స్థానిక కరెన్సీనే నొక్కండి. ఆ మార్పిడి రేటులో వాళ్ల లాభం కలిసి ఉంటుంది.

పబ్లిక్ లైబ్రరీ ఉన్న ఊరైతే కార్డు తీసుకోండి. ఇంటర్నెట్, చలిలో వెచ్చటి చోటు, చాలాచోట్ల ఉచిత భాషా తరగతుల సమాచారం అక్కడే దొరుకుతాయి.

7. ఇంటికి పంపే డబ్బు

ఇది లెక్కల విషయం కన్నా మనసు విషయం, అందుకే కష్టం. బయలుదేరేటప్పుడు ఇంట్లో ఉత్సాహంగా ఉంటారు, మనకూ ఉత్సాహంగానే ఉంటుంది, ఆ ఊపులో నెలకు ఇంత పంపుతానని అనేస్తాం. రెండు పూర్తి జీతాలు చేతికొచ్చి ఖర్చు తెలిసేదాకా అంకె చెప్పకండి. అమ్మానాన్నలకు పేస్లిప్ చూపించండి, ఇంత వస్తుంది, అద్దెకు ఇంత, ఇంత మిగులుతుంది అని ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పండి. విదేశంలో ఉన్నాడు కదా అని వాళ్లు ఊహించుకునే అంకెకూ అసలు అంకెకూ ఉన్న తేడాను మీరు చెప్పకపోతే వాళ్లకు తెలిసే దారి లేదు. తెలిస్తే అర్థం చేసుకునేవాళ్లే ఎక్కువ. బాగున్నానని చూపించుకోవడానికి అప్పు చేసి పంపేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఇంట్లోవాళ్లు ఆ డబ్బు మిగులులోంచి వచ్చిందనుకుని దాని మీద ఇంకో ఖర్చు మొదలుపెడతారు.

నెలకు ఒక స్థిరమైన మొత్తం పెట్టుకోండి, అది కొంచెం తక్కువగానే ఉండనివ్వండి. అనుకోకుండా ఇంట్లో అవసరం వస్తే పంపడానికి వేరే చిన్న నిధి పెట్టుకోండి. బంధువులు, స్నేహితులు అప్పు అడిగితే "ఇంకా నిలదొక్కుకోలేదు" అన్న ఒక్క మాటే అందరికీ చెప్పండి. ఒకరికి ఇచ్చి ఒకరికి కాదంటే సంబంధాలు చెడతాయి.

పంపే దారిలో రెండు ఖర్చులు ఉంటాయి. ఫీజు కనిపిస్తుంది, మార్పిడి రేటులో తీసుకునేది కనపడదు. ఫీజు సున్నా అని బోర్డు పెట్టినవాళ్లు రేటులో లాగుతారు. కాబట్టి రేటు, ఫీజు వేర్వేరుగా చూడకుండా "నా చేతిలోంచి ఇంత పోతే అవతల ఖాతాలో ఎంత పడుతుంది?" అన్న ఒక్క అంకెనే నాలుగుచోట్ల పోల్చండి. ప్రపంచ బ్యాంకు ఇలాంటి ధరలను దేశాలవారీగా రెమిటెన్స్ ప్రైసెస్ వరల్డ్‌వైడ్ అనే వెబ్‌సైట్‌లో పెడుతుంది. వాళ్ల లెక్కలో 200 డాలర్లు పంపడానికి ప్రపంచ సగటు ఖర్చు ఈమధ్య ఏళ్లలో 6 శాతం పైనే ఉంటోంది. దాన్ని 2030కల్లా 3 శాతం లోపుకు తేవాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం. నెలనెలా 6 శాతం పోతే ఏడాది తిరిగేసరికి మీరు ఒక నెల పంపే సొమ్ములో 72 శాతం దారిలోనే పోయినట్టు. బ్యాంకు నుంచి బ్యాంకుకు నేరుగా పంపడం సాధారణంగా ఖరీదైన దారి, ఆన్‌లైన్ సేవలు చవక. లైసెన్సు లేని మనిషి చేతికి మంచి రేటు ఆశపడి ఇవ్వకండి, డబ్బు పోతే ఫిర్యాదు చేసే చోటే ఉండదు, పైగా అది నేరమయ్యే దేశాలు చాలా ఉన్నాయి.

8. పని చోట: రుజువు మీ దగ్గర ఉండాలి

రోజూ ఎన్నింటికి వెళ్లారు, ఎన్నింటికి వచ్చారు, ఎంతసేపు విరామం, ఒక చిన్న పుస్తకంలో గానీ ఫోన్లో గానీ రాయండి. గొడవ వచ్చాక గుర్తు తెచ్చుకుని రాసిన లెక్క కన్నా రోజూ రాసిన లెక్కకు విలువ ఎక్కువ. పేస్లిప్పులు, డ్యూటీ షెడ్యూళ్లు, సూపర్‌వైజర్ పంపిన మెసేజీలు కంపెనీ మెయిల్లో కాకుండా సొంత మెయిల్లో దాచండి, ఉద్యోగం పోయిన రోజే కంపెనీ మెయిల్ మూసేస్తారు.

పాస్‌పోర్టు ఎవరికీ దాచమని ఇవ్వకండి. అది మామూలుగా దాన్ని జారీ చేసిన ప్రభుత్వం ఆస్తి. వలస కార్మికుల హక్కుల మీద 1990లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం, చట్టప్రకారం అధికారం ఉన్న ప్రభుత్వాధికారి తప్ప ఎవరూ గుర్తింపు పత్రాలు స్వాధీనం చేసుకోకూడదని చెబుతుంది. వీసా పనికోసం కంపెనీ తీసుకుంటే ఎప్పుడు తిరిగి ఇస్తారో రాతలో అడగండి. అరెస్టు దాకా వస్తే, కాన్సులేట్ల వ్యవహారాల మీద 1963లో వచ్చిన వియన్నా ఒప్పందం 36వ అధికరణం ప్రకారం మీ దేశపు కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు మీకుంది. ఆ ఫోన్ నంబరు, చిరునామా కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి, ఆ సమయానికి ఫోను మీ దగ్గర ఉండకపోవచ్చు.

జీతం ఆగితే ఒక నెల చూద్దాం, ఇంకో నెల చూద్దాం అని గడపకండి. ఫిర్యాదుకు గడువులు ఉంటాయి, కొన్ని చాలా తక్కువ. జర్మనీలో ఉద్యోగం నుంచి తీసేసిన నోటీసును సవాలు చేయాలంటే అది చేతికందిన 3 వారాల్లో లేబర్ కోర్టుకు వెళ్లాలి. చాలా దేశాల్లో యూనియన్లు, వలసదారులకు సాయం చేసే సంస్థలు ఉచితంగా సలహా ఇస్తాయి, గొడవ ముదరకముందే వాళ్ల చిరునామా కనుక్కోండి.

9. సులువు సంపాదన చూపించేవాళ్లు

డబ్బు తక్కువగా ఉన్న కొత్తవాళ్ల కోసమే కాచుకుని కూర్చునేవాళ్లుంటారు. "నీ ఖాతాలో డబ్బు పడుతుంది, నీ కమీషన్ ఉంచుకుని మిగతాది ఫలానా ఖాతాకు పంపు" అంటే అది దొంగసొమ్ము. అలా ఖాతా వాడుకోనిచ్చేవాళ్లను మనీ మ్యూల్ అంటారు, యూరోపియన్ యూనియన్ పోలీసు సంస్థ యూరోపోల్ దీని మీద ప్రత్యేకంగా హెచ్చరికలు చేస్తుంది. నాకు తెలియదు అన్నా కేసు తప్పకపోవచ్చు, ఖాతా మూసేస్తారు, వీసా పోవచ్చు, ఆ తర్వాత ఇంకో బ్యాంకు ఖాతా దొరకడమే కష్టమవుతుంది. దేశం వదిలేటప్పుడు ఖాతాను, కార్డును కొంటామనేవాళ్లు కూడా ఈ కోవకే వస్తారు.

డెలివరీ యాప్‌లో ఇంకొకరి అకౌంట్ అద్దెకు తీసుకుని పనిచేయడం, వీసా ఒప్పుకోని రెండో ఉద్యోగం నగదుకు చేయడం కూడా వద్దు. దెబ్బ తగిలితే బీమా రాదు, డబ్బు ఎగ్గొడితే అడగలేరు. అదనపు ఆదాయం కావాలంటే మీ వీసా మీద ఏం చేయొచ్చో ముందు ఇమ్మిగ్రేషన్ వెబ్‌సైట్‌లో చదవండి. తక్కువ జీతం నుంచి బయటపడటానికి నేను చూసినంతలో గట్టి దారి స్థానిక భాష. పని అదే అయినా కస్టమర్లతో, పై అధికారులతో మాట్లాడగలిగినవాళ్లకు షిఫ్టులు, పదోన్నతి ముందొస్తాయి, అద్దె బేరం దగ్గర కూడా అదే పనికొస్తుంది.

10. ఒంటరితనం, ఆరోగ్యం

సాయంత్రాలు గదిలో ఫోనుతో గడిచిపోతున్నాయి, నిద్ర పట్టట్లేదు, ఇంటికి ఫోన్ చేయాలంటే ఏడుపొస్తోంది అంటే అది మీ బలహీనత కాదు, అలసట, దూరం, డబ్బు భయం కలిసి చేసే పని. ఇంటికి వారంలో ఒక నిర్ణీత రోజున మాట్లాడండి, రోజంతా మెసేజీల్లో ఉండటం కన్నా అది నయం. డబ్బు ఖర్చు కాని ఏదో ఒక గుంపులో చేరండి, ఆట, వాలంటీరు పని, భాషా తరగతి, ఏదైనా. సొంత దేశంవాళ్లతో మాత్రమే ఉండిపోతే మొదట్లో హాయిగా ఉంటుంది, కానీ ఉద్యోగాల గురించీ గదుల గురించీ వినే సమాచారం అక్కడక్కడే తిరుగుతుంది.

రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. మీ బీమా కార్డు దేనికి పనికొస్తుందో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చదివి పెట్టుకోండి, ఎమర్జెన్సీకి ఎక్కడికి వెళ్లాలో, మామూలు జ్వరానికి ఎక్కడికి వెళ్లాలో తేడా తెలియకపోతే బిల్లు వాచిపోతుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోకండి, అది సాధారణంగా ప్రయాణికుల కోసం, ఉద్యోగానికి వచ్చి ఉంటున్నవాళ్ల కోసం కాదు.

11. వదిలి వచ్చేటప్పుడు

ఇంటికి వెళ్తున్నామన్న తొందరలో చాలామంది సొంత డబ్బును అక్కడే వదిలేసి వస్తారు. నోటీసు ఇచ్చే ముందు ఈ జాబితా పక్కన పెట్టుకోండి: చివరి జీతం, వాడని సెలవుల డబ్బు, గ్రాట్యుటీ ఉంటే అది, గది డిపాజిట్, ఎక్కువగా కోసిన పన్ను, కట్టిన పింఛను.

పింఛను దగ్గర ఎక్కువ పోతుంది. జపాన్‌లో కనీసం 6 నెలలు పింఛను చందా కట్టిన విదేశీయులు దేశం వదిలాక 2 ఏళ్లలోపు దరఖాస్తు చేస్తే కొంత మొత్తం ఒకేసారి తిరిగి వస్తుంది. ఆస్ట్రేలియాలో తాత్కాలిక వీసా మీద పనిచేసినవాళ్లు వీసా ముగిసి దేశం వదిలాక సూపర్‌యాన్యుయేషన్ సొమ్ము, అంటే అక్కడి పింఛను నిధిలో పడ్డ డబ్బు, అడగొచ్చు, పన్ను మాత్రం గట్టిగానే కోస్తారు. కొన్ని దేశాలు మీ సొంత దేశంతో సామాజిక భద్రతా ఒప్పందం చేసుకుని ఉంటాయి, అప్పుడు రెండు చోట్ల పనిచేసిన కాలాన్ని కలిపి లెక్కిస్తారు. అలాంటప్పుడు వెనక్కి తీసుకోవడం కన్నా అక్కడే ఉంచడం మేలు కావచ్చు, రెండూ లెక్క వేసి చూడండి.

చిరునామా రద్దు చేయించండి, లేకపోతే మీరు లేని ఇంటికి బిల్లులు వస్తూనే ఉంటాయి. ఫోను, జిమ్, ఇంటర్నెట్ రద్దు చేసిన కాగితాలు దాచండి. అనుభవ పత్రం, మొత్తం పేస్లిప్పులు, పన్ను సర్టిఫికెట్ అక్కడ ఉండగానే చేతికి తీసుకోండి. గది ఖాళీ చేసేటప్పుడు మళ్లీ మొత్తం వీడియో, మీటర్ రీడింగు, యజమాని సంతకంతో తాళాలు ఇచ్చిన రసీదు. బ్యాంకు ఖాతాను మాత్రం అప్పుడే మూయకండి. డిపాజిట్, పన్ను రీఫండు రావడానికి నెలలు పడుతుంది, అవి పడాల్సింది ఆ ఖాతాలోనే. విదేశీ చిరునామాకు మార్చుకుని నెలసరి ఛార్జీలు లేని రకం ఖాతాగా పెట్టించండి. అక్కడి సిమ్ కూడా ఓటీపీల కోసం అప్పటిదాకా రీచార్జ్ చేస్తూ ఉంచండి, ఆఖరి రీఫండు పడ్డాకే రెండూ రద్దు చేయించండి.